నగర వన్యప్రాణి ఛాయాచిత్రం: కర్తృత్వం, చట్రం - ఒక పరిశీలన

చిత్రం నమోదయ్యే క్షణంలో ఛాయాగ్రాహకుడు అక్కడ లేకపోతే ఆ చిత్రానికి కర్త ఎవరు? నగరాల్లో సంచరించే వన్యప్రాణులను కెమెరా ట్రాప్‌తో చిత్రించే పద్ధతి విమర్శ ముందుంచే మొదటి ప్రశ్న ఇదే. ప్రాణి కదలికను సెన్సార్ గుర్తించగానే ఫ్లాష్ వెలుగుతుంది, చిత్రం నమోదవుతుంది. ఇక్కడ ఛాయాగ్రాహకుని పని క్షణాన్ని పట్టుకోవడం కాదు, ఆ క్షణం సంభవించే చోటును ముందుగా ఊహించడం. కనుక కర్తృత్వాన్ని స్థలం ఎంపికలోను, కాంతి అమరికలోను, ప్రాణి రాక కోసం చట్రంలో విడిచిన ఖాళీలోను వెతకాలి. రెండు ప్రసిద్ధ చిత్రాలు ఈ విషయాన్ని స్పష్టం చేస్తాయి.

మొదటిది స్టీవ్ వింటర్ చిత్రం. లాస్ ఏంజెలస్‌లోని గ్రిఫిత్ పార్కులో పి-22 అనే ప్యూమా రాత్రివేళ నడుస్తుండగా, వెనుక కొండపై హాలీవుడ్ అక్షరాలు కనిపిస్తాయి. ఏడాదికి పైగా నిరీక్షణతో సిద్ధించిన ఈ చిత్రం 2013 డిసెంబరు నేషనల్ జియోగ్రాఫిక్ సంచికలో వెలువడింది. అడవి జంతువును, నగర కీర్తిచిహ్నాన్ని ఒకే చట్రంలో నిలపడం దీని బలం. ఆ బలమే దీని పరిమితి కూడా. అక్షరాల ముందు నిలిచిన ప్యూమా నగరవాసిగా కాక తారగా కనబడుతుంది.

రెండవది నయన్ ఖనోల్కర్ చిత్రం. ముంబయిలో సంజయ్ గాంధీ జాతీయ ఉద్యానాన్ని ఆనుకొని ఉన్న ఆరే కాలనీలో, ఇళ్ళ మధ్య సందులో ఒక చిరుత నడుస్తుంది. 2016లో లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం పోటీలో ఇది నగర విభాగపు విజేత. ఖనోల్కర్ ఫ్లాష్ వెలుగును సందులోని మామూలు వెలుగును పోలేలా అమర్చారు. చిరుత చట్రాన్ని ఆక్రమించకుండా కెమెరాను నిలిపారు. అందువల్ల సందు నేపథ్యంగా మిగలదు. చిరుతతో సమానమైన పాత్ర అవుతుంది. కళాదృష్టితో చూస్తే ఈ సంయమనమే వింటర్ చిత్రం కంటే దీనిని ఒక మెట్టు పైన నిలుపుతుంది.

అయితే ప్రయోజనదృష్టి వేరు. పి-22కు లభించిన ప్రసిద్ధి, 101వ నంబరు రహదారిపై వన్యప్రాణుల వంతెన కోసం సాగిన ఉద్యమానికి ముఖచిత్రమైంది. ఆ వంతెన పనులు 2022 ఏప్రిల్‌లో మొదలయ్యాయి. అదే ఏడాది డిసెంబరులో, వాహనం ఢీకొన్నట్టు సూచించే గాయాలతోను, తీవ్రమైన జబ్బులతోను ఉన్న పి-22కు అధికారులు కారుణ్యమరణం కల్పించారు. ప్రసిద్ధి ఆ జంతువును రహదారి నుంచి కాపాడలేకపోయింది.

సందు చిత్రానికీ ఒక మౌనం ఉంది. అది వార్లీ ఆదివాసులు నివసించే చోటు. చిరుతతో కలిసి బతకడంలోని భయాన్ని, నష్టాన్ని మోసేది అక్కడి కుటుంబాలే. చట్రంలో వారి ఇళ్ళున్నాయి, వారు లేరు. మనిషి కంటపడకుండా తిరిగే ప్రాణిని చూపే పద్ధతి, ఆ ప్రాణి పక్కనే బతికే మనిషిని కూడా కంటపడకుండా చేస్తోంది. సహజీవనానికి ప్రతీకగా ఈ చిత్రాన్ని కీర్తించే ముందు విమర్శ ఈ లోటును గుర్తించాలి. నగర వన్యప్రాణి చిత్రం విలువను నిర్ణయించవలసింది ప్రాణి ఎంత అరుదైనదన్న లెక్క కాదు. ఆ చట్రం ఎవరికి చోటిచ్చింది, ఎవరిని బయట నిలిపింది అన్న విచారణ.