ఎవరిని అడుగవలెను?

మా చిత్తూరు జిల్లా ఐరాల ప్రాంతమున తొలికాన్పు పుట్టింట జరుగుట ఆచారము. సీమంతము ముగించుకొని ఆడబిడ్డ తల్లిగారింట అడుగిడిన నాటినుండి ఇంటిల్లిపాదియు ప్రణాళికలు వేయుచుందురు: ఏ ఆసుపత్రికి పోవలెను, ఎవరు తోడుండవలెను, అల్లునికి కబురు ఎప్పుడు పంపవలెను అని. పుట్టబోవు శిశువునకు మాత్రము ఈ ప్రణాళికలతో ప్రమేయము లేదు. అది అడ్డము తిరుగవచ్చును. ఉమ్మనీరు గడువునకు ముందే పోవచ్చును. వచ్చిన నొప్పులు నిలిచిపోవచ్చును. అట్టి వేళ అనుకొన్నదంతయు మారిపోవును. ఆ మార్పును ఆపుట ఎవరి తరమును కాదు. అయితే ఆ క్షణమున ఎవరిని అడిగి ముందుకు పోవుదుమనునది మన చేతిలోని విషయమే. ఎన్నో యేండ్ల తరువాత ఆ తల్లి మనసున మిగులునది కోత గాక, ఈ అడుగుటయో అడుగకపోవుటయో అని నా నమ్మకము.

ఈ ప్రశ్న ప్రాచీనమైనది. గర్భమున చిక్కుకొని వెలికి రాలేని శిశువును సుశ్రుతుడు మూఢగర్భమని పిలిచి, దానిని కీలము, ప్రతిఖురము, బీజకము, పరిఘము అని కొందరు నాలుగు విధములుగా చెప్పుదురని తెలిపెను. ద్వారమునకు వేసిన అడ్డగడియవలె శిశువు నిలిచిపోవుట పరిఘము. అట్టి కష్టప్రసవమున శస్త్రమును చేపట్టుటకు పూర్వము వైద్యుడు అధిపతి అనుమతి పొందవలెనని ఆయన విధించెను. ప్రాణాపాయమున్న కార్యమునకు ఒకరి సమ్మతి ఉండవలెనన్న వివేకము ఆనాడే కలదు. కాని అడుగవలసినది అధిపతిని.

మాకు ముప్పు వచ్చినప్పుడెల్ల పరుగెత్తునది వేలూరికి. ఆ వేలూరి క్రైస్తవ వైద్య కళాశాల పుట్టుకయందును ఇదే ప్రశ్న దాగియున్నది. పందొమ్మిదవ శతాబ్ది చివరి దశకమున దిండివనములో ఒకే రాత్రి మూడు ఇండ్లనుండి మగవారు వచ్చి, కాన్పు కష్టమైన తమ స్త్రీలకు సాయపడుమని ఐడా స్కడర్ అను యువతిని వేడుకొనిరి. ఆమెకు వైద్యము రాదు. వైద్యుడైన ఆమె తండ్రి, పరపురుషుడు గనుక, వారికి పనికిరాలేదు. తెల్లవారునప్పటికి ముగ్గురు తల్లులును మరణించిరి. ఈ దేశమున స్థిరపడదలచని ఆ యువతి అమెరికాకు పోయి, వైద్యము చదివి, తిరిగి వచ్చి 1900లో వేలూరిలో ఒకే మంచముతో చికిత్స ఆరంభించెను. ఆ రాత్రి గడపలో నిలిచి నిర్ణయము చెప్పినవారు పురుషులు. లోపల నొప్పులు పడుచున్నవారిని అడిగిన జాడ ఆ కథలో ఎక్కడను లేదు.

నేడు కాలము మారినది. 2005 ఆగస్టు 15న మన రాష్ట్రమున మొదలైన 108 వాహనము పల్లె గుమ్మమునకే వచ్చి నిలుచుచున్నది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 96కు మించిన కాన్పులు ఆసుపత్రులలోనే జరిగినవి. సిజేరియన్లు దేశమున నూటికి 21.5 కాగా, ఇక్కడ 42.4. ఇందులో అవసరమైనవెన్ని, అనవసరమైనవెన్ని అను వాదము వేరు. అవసరమైన ప్రతి స్త్రీకిని ఈ శస్త్రచికిత్స అందవలెనని, ఒక నిర్ణీత శాతమునకై పాకులాడరాదని 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పినది. నాకు ముఖ్యముగా తోచునది వేరొకటి: సహజముగా కావలెనని ఆశించి, కోతతో ముగిసిన కాన్పులు మన వీధి వీధిన ఉన్నవి, వాటిని గూర్చి నోరు విప్పి చెప్పుకొనువారు మాత్రము అరుదు.

నా భార్య తొలికాన్పు ఒక పట్టణములోని ఆసుపత్రిలో జరిగినది. కోతకు సమ్మతి కాగితముపై వ్రాలు చేసినది మా మామగారు. నేను చేరునప్పటికి తల్లీబిడ్డలు క్షేమమన్న మాట ఎదురువచ్చినది. అంతకు మించి నేనడుగలేదు, వారు చెప్పలేదు. మొదటిది కోత గనుక రెండవదియు కోతయే అనిరి, అట్లే జరిగినది. మా అమ్మాయి కాన్పుకు వచ్చిన దినములలో ఒకనాడు నా భార్య హఠాత్తుగా, "ఆ పొద్దు నన్నేంటికి కోసినారో ఇప్పటికీ నాకెవురూ చెప్పలేదు" అన్నది. ఆ మాటలో కోపము లేదు. ఇన్నేండ్లు తన శరీరమును గూర్చిన ఒక సంగతి తనకే తెలియక గడచినదన్న ఆశ్చర్యము మాత్రము కలదు.

మా అమ్మాయికిని అనుకొన్నట్లు జరుగలేదు. గడువునకు ముందే రాత్రివేళ ఉమ్మనీరు పోయినది. చిత్తూరు చేరి, మరునాడంతయు నొప్పులు పడిన పిదప శిశువు గుండెచప్పుడు తగ్గనారంభించినది. తొందరపడవలసిన ఆ సమయముననే వైద్యురాలు మంచముపైకి వంగి, "బిడ్డ గుండె చప్పుడు తగ్గతా ఉందమ్మా. ఇంకా కాచుకుంటే కష్టం, కోసి తీయాల్సొస్తాది. నువ్వేమంటావు?" అని అడిగెనట. "కోయండి మేడమ్, మా అమ్మను ఒక్కసారి పిలవండి" అని మా అమ్మాయి బదులిచ్చినది. పిలిచిరి. మరుసటి దినము ఆ వైద్యురాలే వచ్చి, ఏమి జరిగినదో, ఎందుకు జరిగినదో నిదానముగా చెప్పెను. ఒకే ఇంట రెండు కోతలు. ఒకదానిని తలచుకొన్న తల్లి ప్రశ్నతో ఆగిపోవును, వేరొకదానిని తలచుకొన్న కూతురు కథగా చెప్పును.

తండ్రుల మాటయును ఒకటి కలదు. బెంగుళూరునుండి బయలుదేరిన మా అల్లునికి పలమనేరులో ఉండగానే బిడ్డ పుట్టినట్లు ఫోను వచ్చినది. అందరును అభినందించుచుండగా అతడు నన్ను ప్రక్కకు పిలిచి, "నేనుండాలనుకుంటిని మామా" అన్నాడు. పుట్టిన సంతోషము ఈ కొరతను పూడ్చునని మనము తలతుము. పూడ్చదు, రెండును కలిసియే ఉండును. ప్రభుత్వ ఆసుపత్రుల కాన్పుగదిలో తోడుగా ఒకరిని ఉంచవచ్చునని 2016లో కేంద్ర ప్రభుత్వము అనుమతించినది. ఆ తోడు సాధారణముగా ఆడవారే. దూరముననున్న తండ్రికి జరిగినదంతయు పూసగ్రుచ్చినట్లు చెప్పు బాధ్యత ఆ తోడున్నవారు వహింపవలెను.

చట్టము ఈ విషయమున స్పష్టముగానే ఉన్నది. సమీరా కోహ్లీ కేసులో 2008లో సుప్రీంకోర్టు, ప్రాప్తవయస్కురాలైన రోగికి బదులుగా ఆమె తల్లి ఇచ్చిన సమ్మతి చెల్లదని, తక్షణ ప్రాణాపాయము లేనిచో రోగి తెలివిలోనికి వచ్చువరకు వేచియుండవలెనని తీర్పు చెప్పినది. సుశ్రుతుని అధిపతి స్థానమున ఇప్పుడు నొప్పులు పడుచున్న స్త్రీయే ఉన్నది. మన ఆచారమే ఇంకను వరండాలోని మగవారికి కలమందించుచున్నది.

ఈ అడుగుట, కారణము చెప్పుట కేవలము మర్యాద కాదు. రాబోవు కాన్పునకు అది ఔషధమువంటిది. తొలికోతకు కారణము శిశువు ఎదురుకాళ్లతో ఉండుటయో, గుండెచప్పుడు మందగించుటయో అయినచో అది మరల రావలెనన్న నియమము లేదు. కోత గర్భాశయపు క్రిందిభాగమున అడ్డముగా జరిగియుండి, ఇతర ఇబ్బందులు లేనిచో, సకల వసతులున్న ఆసుపత్రిలో రెండవది సహజముగా అగుటకు ప్రయత్నింపవచ్చును. కారణమే తెలియని తల్లికి ఆ విచారణకు తావెక్కడ? కావున ఇంటికి పంపు దినమున చేతికిచ్చు చీటీలో శస్త్రచికిత్స పేరుతో తృప్తి చెందక, ఎందుకు చేసిరో తెలుగులో వ్రాసి ఇండని అడుగుడు. అడుగవలసినది కాన్పైన ఆడమనిషి; ప్రక్కనున్న తండ్రియు, భర్తయు ఆమె అడుగువరకు ఓపికపట్టవలెను.