గాలిమోటరు జ్ఞాపకాలు: మామునూరు కథనాలలో అంతస్సాక్ష్యం, కాలనిర్ణయం

ఉపోద్ఘాతం

తెలంగాణ వాడుకలో విమానానికి 'గాలిమోటరు' అని పేరు. బాట మీది మోటరును ముందు చూసి, తర్వాత ఆకాశంలో కనిపించిన దానిని దానితో పోల్చుకొన్న జనం కట్టుకొన్న మాట ఇది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాలకు దగ్గరలో గాలిమోటరు దిగిన చోటు వరంగల్లు శివారులోని మామునూరు. 2016 అక్టోబరు 11న అమలులోకి వచ్చిన జిల్లాల పునర్విభజనకు పూర్వం ఈ మూడు ప్రాంతాలూ వరంగల్లు జిల్లాలోనివే. అందువల్ల ఒకప్పుడు 'మన జిల్లా విమానాశ్రయం' అయినది ఇప్పుడు పొరుగు జిల్లాది. స్థలం కదలలేదు, కథకుని సర్వనామమే మారింది. ఈ కథనాలను స్థానిక గర్వానికి ఆనవాళ్లుగా మాత్రమే చూసి వదిలివేయకుండా, మౌఖిక పాఠాలుగా చదివితే ఏమి తేలుతుందన్నది ఇక్కడి ప్రశ్న.

ముద్రిత కథ, దాని వరుస

మామునూరు గురించి వార్తా వ్యాసాలలో పదేపదే కనిపించే కథకు ఒక స్థిరమైన వరుస ఉంది. నిజాం కాలంలో, 1930లో నిర్మాణం, అవిభక్త భారతదేశంలోకెల్లా పెద్దదన్న ప్రశస్తి, 1962 చైనా యుద్ధ సమయంలో ఢిల్లీ విమానాలకు ఆశ్రయం, వాయుదూత్ రాకపోకలు, 1981లో మూత. ఈ వరుస స్థలపురాణపు వరుసే. క్షేత్రోత్పత్తి, మహిమ, ఆపదలో రక్షణ, ఆపై కలికాలం. 'అతి పెద్దది' అనే మాటకు కొలత చెప్పినవారు అరుదు. దేశీయ విమానయానానికి నాందిగా చెప్పే టాటా ఎయిర్‌మెయిల్ కరాచీ నుండి బయలుదేరినదే 1932 అక్టోబరు 15న. అంతకు రెండేళ్ల ముందటి ఒక మైదానాన్ని నేటి ప్రయాణిక విమానాశ్రయపు కొలమానంతో పోల్చడంలోనే ఈ ప్రశస్తి బలహీనత ఉంది.

అసలు చిక్కు చివరి రెండు అంశాల వద్ద ఉంది. ఎయిర్ ఇండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్ కలిసి వాయుదూత్‌ను స్థాపించినదే 1981 జనవరి 20న. మొదట అది ఈశాన్య రాష్ట్రాల కోసం ఏర్పడిన సంస్థ. వాయుదూత్ విమానాలు మామునూరులో దిగాయన్న మాట, మామునూరు 1981లో మూతపడిందన్న మాట పక్కపక్కన సులువుగా ఇమడవు. అయినా ఈ రెండూ ఒకే వాక్యంలో ఏ ఇబ్బందీ లేకుండా ముద్రణ పొందుతున్నాయి. ఒక రచన నుండి మరొక రచనకు ఎత్తి రాసే లేఖకుడు ప్రతిలోని దోషాన్ని కూడా భక్తితో కాపాడినట్లుంది ఇది.

ఇటలీ మౌఖిక చరిత్రకారుడు అలెస్సాండ్రో పోర్తెల్లి ఇటువంటి చిక్కునే పరిశీలించాడు. తెర్ని పట్టణంలో లుయీజి ట్రాస్తుల్లి అనే ఉక్కు కార్మికుడు 1949లో పోలీసు కాల్పులలో మరణించాడు. ఊరి జ్ఞాపకంలో ఆ మరణం 1953 నాటి సామూహిక ఉద్వాసనల కాలానికి జరిగింది. అది జ్ఞాపకపు లోపం కాదనీ, ఘటనకు తగిన అర్థాన్ని వెదుక్కొనే ప్రయత్నమనీ పోర్తెల్లి వాదన. ఈ సూత్రాన్ని మామునూరుకు యథాతథంగా అన్వయించడం పొరపాటు. తెర్నిలో తేదీని జరిపినవి మనుషుల మాటలు. ఇక్కడ తేదీని బిగించినది అచ్చు. 1981 అన్న సంఖ్యను చదివిన కథకుడు తాను చూసినదానిని దానికి తగినట్లు సర్దుకొనే అవకాశం ఎక్కువ. అలాంటప్పుడు పరిశోధకునికి దొరికేది కథకుని జ్ఞాపకం కాదు, పత్రికా ప్రతిధ్వని.

రెక్క, చక్రం, చప్పుడు

కవి కాలనిర్ణయం తెలుగు పరిశోధకులకు పాత విద్యే. పాల్కురికి సోమనాథుని కాలంపై వాదం, పోతన బమ్మెరవాడా ఒంటిమిట్టవాడా అన్న వాదం ఎంతకాలం సాగాయో తెలిసినదే. పాలకుర్తి, బమ్మెర రెండూ నేటి జనగామ జిల్లాలోనివి కావడం ఒక సరదా అయిన కాకతాళీయం. బాహ్యసాక్ష్యం సందిగ్ధమైనప్పుడు పండితులు అంతస్సాక్ష్యాన్ని ఆశ్రయించారు. విమాన కథనాలకూ అదే దారి.

నేల మీద ఉన్నప్పుడు ముక్కు పైకి, తోక కిందికి ఉండేదనీ, లోపల ఎత్తు ఎక్కినట్లు నడవాలనీ కథకుడు చెబితే అది తోకచక్రపు డకోటా కావచ్చు. దక్కన్ ఎయిర్‌వేస్ 1946 నుండి నడిపినవి డకోటాలే. ఆ సంస్థ 1953లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. ఫాకర్ ఫ్రెండ్‌షిప్, ఆవ్రో రెండింటికీ రోల్స్‌రాయిస్ డార్ట్ ఇంజన్లే కనుక సన్నని ఈల వంటి చప్పుడు ఆ రెంటినీ వేరు చేయదు. రెక్క వేరు చేస్తుంది. ఫాకర్ రెక్క కిటికీలకు పైన, ఆవ్రో రెక్క కింద. రెక్క పైననే ఉండి, పందొమ్మిది మంది మాత్రమే పట్టే చిన్న విమానమైతే అది డోర్నియర్ 228. వాయుదూత్‌కు డోర్నియర్లు చేరడం 1984లో మొదలైంది. మామునూరులో వాయుదూత్ డోర్నియర్‌ను చూసినట్లు ఒక్క నమ్మదగిన కథనం దొరికినా 1981 తేదీ నిలవదు. కథకునికి సంవత్సరం గుర్తుండనక్కరలేదు. రెక్క గుర్తుంటే చాలు.

బ్రిటన్ వంటి దేశాలలో విమాన వీక్షకులు తోకమీది నమోదు సంఖ్యలను పుస్తకాలలో రాసిపెట్టుకొన్నారు, ఛాయాచిత్రాలు తీసుకొన్నారు. ఇక్కడ అటువంటి నిధి ఏర్పడకపోవడానికి పేదరికం ఒక్కటే కారణం కాదు. 1937 నాటి భారత విమాన నియమావళిలోని 13వ నియమం అనుమతి లేకుండా ప్రభుత్వ విమానాశ్రయాలలో ఫోటోలు తీయడాన్ని నిషేధించింది. చూపు మీద చట్టం లేదు, చూసినదాన్ని పదిలపరచడం మీద ఉంది. కాబట్టి ఇక్కడి వీక్షకుని నోటుపుస్తకం అతని నోరే. జానపద సాహిత్య పరిశోధనకు బిరుదురాజు రామరాజు వేసిన బాట ఉండగా, పాటను సేకరించినంత శ్రద్ధతో ఈ మాటను సేకరించకపోవడం తెలుగు శాఖల లోపమే.

కథనంలోని మౌనం

ప్రశస్తి కథలో 1948 కనబడదు. ఆ ఏడు సిడ్నీ కాటన్ లాంకాస్ట్రియన్ విమానాలతో కరాచీ నుండి హైదరాబాదు రాజ్యానికి ఆయుధాలు చేరవేశాడు. సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది. సాయుధ పోరాటం సాగుతున్న పల్లెలలో ఆకాశంలోని చప్పుడు వినోదంగా మాత్రమే వినిపించి ఉండదు. నాలుగు ఇంజన్ల విమానం గురించిగానీ, రాత్రివేళ చప్పుడు గురించిగానీ వృద్ధుల కథనాలలో ఏదైనా ప్రస్తావన వస్తే దానిని ముచ్చటగా దాటవేయరాదు. 'నిజాం కట్టించాడు' అన్న వాక్యం నుండి నేరుగా చైనా యుద్ధానికి దూకే కథ ఈ దశాబ్దాన్ని మింగేస్తున్నది.

సేకరణకు గడువు కూడా తక్కువే. శంషాబాద్ విమానాశ్రయ ఒప్పందంలోని 150 కిలోమీటర్ల నిబంధన చాలాకాలం మామునూరును నిలిపివేసింది. 2025 ఫిబ్రవరి 28న కేంద్రం పునరుద్ధరణకు ఆమోదం తెలిపింది. ఇప్పటికే ఉన్న 696 ఎకరాలకు తోడు మరో 253 ఎకరాలు సేకరణ పరిధిలోకి వచ్చాయి. పాత రన్‌వే చుట్టూ పొలాలున్నవారిని అడగవలసిన మొదటి ప్రశ్న ఏ విమానం చూశారన్నది కాకపోవచ్చు. గాలిమోటరు దిగే వేళకు తాము చేను దగ్గర ఏ పనిలో ఉన్నారో, కంచెకు ఏ పక్కన ఉన్నారో వారు చెప్పగలరు. రెక్క పైనుందా కిందుందా అన్నది ఆ మాటల మధ్యనే దొరుకుతుంది.