జరీ బరువుకు చిక్కిపోయిన పూజావస్త్రం

ఇటలీలోని రవెన్నా పట్టణంలో, శాన్ విటాలే దేవాలయం గోడ మీద ఆరో శతాబ్దపు మొజాయిక్ చిత్రం ఉంది. జస్టీనియన్ చక్రవర్తి పక్కన మేత్రాణులు మాక్సిమియానుస్ రత్నాల సిలువ పట్టుకుని నిలబడి ఉంటారు. ఆయన పైవస్త్రం మెడ నుంచి కిందికి చుట్టూ పరుచుకుని ఉంటుంది. సిలువ పట్టిన చేయి లేచిన చోట ఆ బట్ట మడతలు పడి ముంజేతి మీద ఆగింది. కథోలిక గురువులు దివ్యబలి పూజలో అన్నిటికన్నా పైన వేసుకునే చాజుబుల్ పాత రూపం అది. ఇవాళ అది ఎలా ఉండాలన్న తగాదా తెగాలంటే ముందు ఆ ముంజేతి మీది మడతలను చూడాలి.

అది దేవాలయం కోసం పుట్టిన బట్ట కాదు. చలికీ వానకీ రోమన్లు కప్పుకున్నదే. అర్ధవృత్తంగా కోసిన గుడ్డను ముందువైపు కలిపి కుట్టి, తల దూరేందుకు సందు వదిలేవారు. చేతులకు వేరే దారి లేదు. చేతులు చాచాలంటే బట్టంతా వాటి మీదికి తీసుకోవాలి. బయట జనం ఆ ఉడుపు మానేశాక కూడా పీఠం దగ్గర అది నిలిచింది. గురువు ముందుగా తెల్లని నిలువుటంగీ తొడిగి, నడుముకు తాడు కట్టి, మెడలో స్టోల్ అనే పొడవాటి పట్టీ వేసుకుంటాడు. ఆ తర్వాత ఈ వస్త్రం ఆయన్ని ముంచేస్తుంది. మనిషి ఆకారం మరుగున పడి, కంటికి ఆనేది తలా, రెండు చేతులే. పూజలో పని ఆ చేతులదే కాబట్టి నాకు ఇందులో గొప్ప ఔచిత్యం కనిపిస్తుంది.

13వ శతాబ్దం ఆరంభంలో పారిస్ నుంచి ఒక ఆచారం వ్యాపించింది. గురువు అప్పాన్ని తల పైకెత్తి జనానికి చూపాలి. చేతుల మీద అంత బట్ట ఉంటే ఎత్తడం కష్టం. అందుకే వెనక మోకరించిన పరిచారకుడు వస్త్రం అంచు పట్టుకుని కాస్త లేపేవాడు. పాత పద్ధతి పూజల్లో ఇప్పటికీ అలా అంచు పట్టుకుంటారు, లేపాల్సినంత బట్ట అక్కడ లేకపోయినా.

ఆ బట్ట ఏమైందంటే, అలంకారం దాన్ని తినేసింది. మెత్తని పట్టు పోయి ముఖమల్ వచ్చింది. దాని మీద బంగారు తీగతో పునీతుల బొమ్మలు, అవి ముడతలు పడకుండా లోపల గట్టి అస్తరు. మన ఆడవాళ్లకు చెప్పక్కర్లేదు, జరీ మితిమీరిన పట్టుచీరకు కుచ్చిళ్లు కుదరవు. మడత పడని బట్టను చేతుల మీద మోయలేక పక్కలు కత్తిరించారు. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో 14వ శతాబ్దపు ఇంగ్లండు కుట్టుపనితో ఎర్ర ముఖమల్ పూజావస్త్రం ఒకటుంది, తర్వాతి కాలంలో దాన్నీ ఇలాగే కోసి కుదించారు. మిలాన్ మేత్రాణులు చార్లెస్ బొర్రోమియో 1577లో ఇచ్చిన సూచనల్లో వస్త్రం వెడల్పు తగ్గకూడదని పట్టుబట్టారు. కత్తెర ఆగలేదు. 18వ శతాబ్దానికి ముందొక పలక, వెనకొక పలక మిగిలాయి. చేతులు ఆడేందుకు ముందు పలకను రొమ్ము దగ్గర నొక్కి కోయడంతో అది వయొలిన్ ఆకారానికి వచ్చింది.

పాత వెడల్పును మళ్లీ తెచ్చే పని 19వ శతాబ్దంలో ఇంగ్లండులో వాస్తుశిల్పి పుగిన్ తలకెత్తుకున్నాడు. గోతిక్ దేవాలయానికి గోతిక్ వస్త్రమే తగునన్నది ఆయన వాదం. రోముకు ఇది రుచించలేదు. 1863లో అక్కడి పూజాచారాల సంఘం ఇంగ్లండు, ఫ్రాన్స్, జర్మనీ, బెల్జియం మేత్రాణులకు లేఖ రాసి, ఈ మార్పుకు కారణాలు చెప్పమంది. 1925లో, తమను అడగకుండా వాడుకలో ఉన్న రూపాన్ని విడిచిపెట్టకూడదని తేల్చింది. 1957లో నిర్ణయాన్ని మేత్రాణులకే వదిలేసింది. అలా దాదాపు వందేళ్లపాటు, సంప్రదాయం పేరిట కత్తిరించిన రూపానికే రక్షణ దొరికింది, దానికన్నా ఎంతో పాతదైన నిండు రూపం కొత్త పోకడగా అనుమానం పాలైంది.

రెండో వాటికన్ మహాసభ తర్వాత గాలి మారింది. వస్త్రం అందం హంగుల్లో లేదు, బట్టలోనూ కోతలోనూ ఉందని ఇప్పటి పూజా నియమావళి అంటుంది. అయినా తగువు సద్దుమణగలేదు. 16వ బెనెడిక్ట్ పోపుగారు పక్కలు కత్తిరించిన పాత రోమను వస్త్రాలను మళ్లీ బయటికి తీశారు. ఫ్రాన్సిస్ పోపుగారు 2022లో సిసిలీ గురువులతో మాట్లాడుతూ నాయనమ్మల కాలపు లేసులు ఇంకా ఎందుకని మందలించారు. కుర్ర గురువుల్లో కొందరికి ఆ లేసులంటేనే మక్కువ. పూర్వీకుల భక్తితో తెగిన దారాన్ని కలుపుకోవాలన్న వాళ్ల ఆరాటాన్ని నేను తేలిగ్గా తీసుకోను. ఆ బంగారు కుట్టుపని వెనక ఎందరో అనామక స్త్రీల చేతులున్నాయి, దాన్ని జాగ్రత్తగా దాచుకోవాలి. కానీ ఆ కుర్ర గురువులు సంప్రదాయం అంటున్నది అందులో చివరి అధ్యాయమే.

మన దేశంలో వాదం ఇంకో వైపు నుంచి వచ్చింది. 1969లో భారతదేశానికి రోము ఆమోదించిన పన్నెండు సవరణల్లో వస్త్రాలదీ ఒకటి. రోమను వస్త్రాలకు బదులు ఒకే నిలువు వస్త్రం, స్టోల్‌గా అంగవస్త్రం వాడవచ్చన్నారు. కాషాయపు శాలువా వేసుకుని నేల మీద కూర్చుని చేసే పూజలు కొందరికి సొంత ఇంటికి చేరినట్టనిపించాయి, మరికొందరికి పరాయి మతం గుడిలోకి జొరబడ్డట్టనిపించాయి. ఆ భయం వట్టిదని నా నమ్మకం. నా అభ్యంతరమల్లా శాలువా మాత్రమే వేసుకున్నప్పుడు మనిషిని కప్పే నిండుదనం పోతుందనే. అంగీ మీద స్టోల్ ఒక్కటే వేసుకుని పూజ నడిపించే చోటా అదే లోటు. గురువులు చాలామంది కలిసి పూజ చేసే పెద్ద ఉత్సవాల్లో మిగిలినవాళ్లకు ఆ వెసులుబాటు ఉంది గానీ ప్రధాన గురువుకు లేదు.

మే నెల ఎండల్లో గుంటూరులోనో ఖమ్మంలోనో అస్తరు వేసిన పాలియెస్టర్ బ్రొకేడ్‌తో గంటసేపు పూజ చేయమనడం అన్యాయమే. మంగళగిరి నూలు మనకుంది, గద్వాల బట్ట ఉంది. ఒంటిమీద జారే గుణం, గాలాడే గుణం రెండూ ఉన్న నేతలివి. విచారణ గురువు దర్జీకి చెప్పాల్సిందల్లా ఇంతే: అస్తరు వద్దు, పెద్ద బొమ్మలు వద్దు, మెడ చుట్టూ నేసిన అంచు ఒక్కటి చాలు, చేతులు పూర్తిగా చాచినప్పుడు బట్ట మణికట్టు దాకా రావాలి.