పండుగకు తర్వాత రాసిన జాతకం

నవంబరు నాలుగో గురువారం అమెరికాలో థాంక్స్‌గివింగ్. న్యూజెర్సీలోనో డాలస్‌లోనో ఉన్న మనవాళ్ల ఇళ్లలో ఆ పూట టర్కీ వండినా, బిర్యానీ వండినా, బడిపిల్లలకు తరతరాలుగా చెబుతూ వచ్చిన కథ ఒకటే. మేఫ్లవర్ ఓడలో వచ్చిన పిల్‌గ్రిమ్‌లు ఆకలితో అలమటిస్తుంటే అక్కడి ఆదివాసులు మొక్కజొన్న సాగు నేర్పారట. పంట చేతికొచ్చాక 1621లో ప్లిమత్‌లో ఇద్దరూ కలిసి విందు చేసుకున్నారట. అప్పటి నుంచి ఆ పండుగే సాగుతోందట. ఈ చివరి మాట నిజం కాదు. పండుగ వేరే దారిన వచ్చింది. పెద్దయ్యాక, ఎవరో ఒక పాత విందును వెతికి దానికి జాతకం రాసిపెట్టారు.

విందు జరగలేదని కాదు. పిల్‌గ్రిమ్‌లలో ఒకడైన ఎడ్వర్డ్ విన్‌స్లో ఆ డిసెంబరులో రాసిన ఉత్తరం ఉంది, మరుసటి ఏడాది లండన్‌లో అచ్చయింది కూడా. అందులో విందు ముచ్చట కొద్ది వాక్యాలే. నలుగురు పక్షుల వేటకు వెళ్లారు. అక్కడి వాంపనోగ్ తెగ నాయకుడు మససోయిట్ సుమారు 90 మందితో వచ్చాడు. మూడు రోజులు తిన్నారు, వచ్చినవాళ్లు ఐదు జింకలను కొట్టి తెచ్చారు. వాళ్లను పిలిచారో, తమంతట వచ్చారో విన్‌స్లో రాయలేదు. ఏటా ఇలా చేసుకుందామన్న మాటా లేదు. అసలు పిల్‌గ్రిమ్‌ల లెక్కలో కృతజ్ఞతా దినమంటే ప్రార్థనా, ప్రసంగమూ తప్ప, తుపాకులు పేల్చుకుంటూ గడిపే మూడు రోజుల సంబరం కాదు. దీన్ని తొలి థాంక్స్‌గివింగ్‌గా ప్రకటించింది 1841లో అలెగ్జాండర్ యంగ్ అనే మతాచార్యుడు, పాత పత్రాలను ప్రచురిస్తూ ఆ ఉత్తరం అడుగున పెట్టిన ఒక ఫుట్‌నోట్‌లో. జాతీయ గాథలకు ఇంతకంటే చిన్న పునాది అరుదు.

అప్పటికే న్యూఇంగ్లండ్‌లో గవర్నర్లు ప్రకటించే శరత్కాలపు కృతజ్ఞతా దినం ఇంటింటి అలవాటు. దాన్ని దేశమంతటికీ ఒకే రోజున జరపాలని సారా హేల్ అనే పత్రికా సంపాదకురాలు ఏళ్ల తరబడి అధ్యక్షులకూ గవర్నర్లకూ ఉత్తరాలు రాసింది. చివరికి విన్నవాడు లింకన్. 1863 అక్టోబరు 3న, గెటిస్‌బర్గ్ యుద్ధం ముగిసిన సరిగ్గా మూడు నెలలకు, ఆయన ఇచ్చిన ప్రకటనలో పొలాలున్నాయి, గనులున్నాయి, అంతర్యుద్ధం మిగిల్చిన వితంతువులూ అనాథలూ ఉన్నారు. ప్లిమత్ పేరు మాత్రం లేదు. నేటి జాతీయ పండుగకు తల్లి పంట కాదు, యుద్ధం. పిల్‌గ్రిమ్ కథ ఆ తర్వాతే బడుల్లో ఊపందుకుంది. 1914లో జెన్నీ బ్రౌన్‌స్కూంబ్ గీసిన ప్రసిద్ధ చిత్రంలో తూర్పు తీరపు వాంపనోగ్‌లకు ఎక్కడో మైదాన ప్రాంతపు తెగల ఈకల కిరీటాలు పెట్టారు. విందుకు ఎవరొచ్చారన్న పట్టింపు అప్పటికి ఏపాటిదో చూడండి.

అన్ని పండుగలకూ కథలుంటాయి, సంక్రాంతికి ఎవరు సాక్ష్యాలు అడిగారని ఒక అభ్యంతరం. న్యాయమైన ప్రశ్నే. కానీ ఈ కథ పురాణంగా రాలేదు, తేదీతో, ఊరి పేరుతో చరిత్ర పాఠంగా వచ్చింది. పైగా వలసవాసులకు ఆ నేల దక్కిన తీరును అది కప్పేస్తుంది. ప్లిమత్ కట్టింది పటక్సెట్ అనే ఊరి మీద. 1616-1619 మధ్య వచ్చిన మహమ్మారి ఆ ఊరిని తుడిచిపెట్టేసింది. సాగు నేర్పిన స్క్వాంటో ఆ ఊరివాడే. 1614లో ఒక ఇంగ్లీషు ఓడ నాయకుడు అతన్ని ఎత్తుకెళ్లి స్పెయిన్‌లో అమ్మేస్తే, తిరిగొచ్చేసరికి అతనికి సొంతవాళ్లు మిగల్లేదు. మససోయిట్ చేయి కలిపింది ఉత్త మంచితనంతోనూ కాదు. తన జనం రోగంతో పలచబడ్డారు, పక్కనే నరగాన్‌సెట్ తెగవాళ్లు బలంగా ఉన్నారు. అది రాజకీయ పొత్తు. 1676లో ఆయన కొడుకు మెటాకమ్‌ను చంపి, తలను ప్లిమత్‌లో గుంజకు గుచ్చి ఏళ్ల పాటు ఉంచారు. 1621 దగ్గర తెర దించేస్తే ఇదంతా కనబడదు.

కథ పోతే పండుగా పోతుందన్న భయానికి ఆధారం లేదు. రెండూ కలిసి పుట్టలేదు కదా! 1939లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ వ్యాపారుల కోసం తేదీని ఒక వారం ముందుకు జరిపితే గొడవైంది, 1941లో చట్టంతో నాలుగో గురువారం ఖాయమైంది. పండుగ చెక్కుచెదరలేదు. విమర్శించేవాళ్లు కూడా విందుకు శత్రువులు కారు. 1970లో, పిల్‌గ్రిమ్‌ల రాకకు 350 ఏళ్లయిన సందర్భంగా, వాంపనోగ్ వక్త వామ్సుటా ఫ్రాంక్ జేమ్స్‌ను మాట్లాడమని పిలిచి, ప్రసంగం ముందుగా చదివిన నిర్వాహకులు అది పనికిరాదన్నారు. వాళ్లు రాసిచ్చినదాన్ని చదవనన్నాడాయన. ఆ ఏడాది నుంచి థాంక్స్‌గివింగ్ రోజునే ప్లిమత్‌లోని కోల్స్ హిల్ మీద జాతీయ సంతాప దినం జరుగుతోంది. వచ్చేవారిలో చాలామంది ఉపవాసం ఉంటారు. సభ ముగిశాక కలిసి భోంచేస్తారు.