ఎన్నో పేజీలో ఆపారు?

పేరు మోగిపోయిన నవలను సగంలో వదిలేశామని చెప్పడానికి చదువరులు జంకుతారు. కొన్నామంటారు, చదువుతున్నామంటారు, ఆపేశామని మాత్రం అనరు. అందుకే అలాంటి పుస్తకం గురించి మన చెవిన పడేదంతా పూర్తి చేసినవాళ్ల మాట, లేదా అసలు తెరవనివాళ్ల మాట. మధ్యలో దిగిపోయినవాళ్ల మాట ఎక్కడా నమోదు కాదు. నా దృష్టిలో అదీ సమీక్షే.

డేవిడ్ ఫాస్టర్ వాలెస్ ‘ఇన్ఫినిట్ జెస్ట్’నే తీసుకుందాం. 1996లో అమెరికాలో పెద్ద ప్రచారంతో వచ్చింది. 1,079 పేజీలు, పుస్తకం చివర 388 నోట్లు. వాటిలో 24వది ఒక పాత్ర తీసిన సినిమాల జాబితా. అది పేజీల తరబడి సాగుతుంది. కథ ఆగినచోట వేలు పెట్టి, పుస్తకం చివరికి వెళ్లి, సన్నటి అక్షరాల్లో ఆ జాబితా అంతా చదివి, మళ్లీ కథలోకి రావాలి. 2014లో జోర్డన్ ఎలెన్‌బర్గ్ అనే గణితాచార్యుడు వాల్ స్ట్రీట్ జర్నల్‌లో ఒక లెక్క వేశాడు. కిండిల్ ఈ-పుస్తకాల్లో పాఠకులు ఎక్కువగా గీత గీసి గుర్తు పెట్టిన ఐదు చోట్లు ఏ పేజీల్లో ఉన్నాయో చూసి, సగటు తీసి, మొత్తం పేజీలతో భాగించాడు. ఆ శాతం ఎంత తక్కువైతే పాఠకులు అంత త్వరగా ఆపేశారని ఊహ. ‘ఇన్ఫినిట్ జెస్ట్’కు 6.4 శాతం వచ్చింది. డోనా టార్ట్ ‘ది గోల్డ్‌ఫించ్’కు 98.5. ఇది శాస్త్రం కాదు, సరదా లెక్కేనని ఆయనే ఒప్పుకున్నాడు. పైగా ‘గోల్డ్‌ఫించ్’ చివరి పేజీలు తాత్వికంగా సాగుతాయి కాబట్టి గుర్తులు అక్కడ పడటం సహజం. అయినా ఒకటి గమనించాలి. అదీ ఏడొందల పేజీలు దాటిన నవలే. పుస్తకం లావే పాఠకుణ్ణి తరిమేస్తుందని అనలేం.

పూర్తిగా చదవనివాడు తీర్పెలా చెబుతాడని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలు, నవలకు అది చెల్లదు. ‘ఇన్ఫినిట్ జెస్ట్’లో కాలక్రమంలో ఆఖరున జరిగేదే మొదటి అధ్యాయం. చివరిదాకా వెళ్లి మళ్లీ మొదటికి వస్తే గానీ అది విప్పుకోదు. కాబట్టి మధ్యలో ఆపినవాడు నవల చెడ్డదని అనకూడదు. చదివిన మూడొందల పేజీలు తనకేమిచ్చాయో, ఏమివ్వలేదో చెప్పే హక్కు మాత్రం పూర్తిగా ఉంది. గొప్ప రచన ఓపిక కోరుతుందన్నది రెండో అభ్యంతరం. నిజమే, విశ్వనాథ ‘వేయిపడగలు’ కూడా తొందరపడేవాళ్లకు లొంగదు. కానీ ఆ కథ జరిగే సుబ్బన్నపేట మొదటినుంచే కొంచెం కొంచెంగా మన ఊరవుతూ వస్తుంది, ఓపికకు బదులు దొరుకుతూనే ఉంటుంది. కష్టపెట్టడం వేరు, కష్టానికి ఏమీ ఇవ్వకుండా ఊరించడం వేరు. ఆ తేడా ఎవరికి వారు తేల్చుకోవలసిందే. ఒకరికి దొరికింది మరొకరికి దొరక్కపోవచ్చు.

ఎంతవరకు చదివి ఆపాలి? యాభై పేజీలు చాలంటుంది అమెరికన్ లైబ్రేరియన్ నాన్సీ పెర్ల్. యాభై ఏళ్లు దాటినవాళ్లయితే వందలోంచి వయసు తీసేసి, మిగిలినన్ని పేజీలు చదివితే చాలంటుంది. వెయ్యి పేజీల నవలకు అది మరీ తక్కువ, రెండొందలైనా ఇవ్వాలి. ఆ తర్వాత మూసేస్తే దాచకండి. పుస్తకం ఎలా ఉందని ఎవరైనా అడిగితే ఎన్నో పేజీలో ఆపారో, అక్కడ ఏం జరుగుతోందో చెప్పండి.