బన్యన్ ఆత్మకథలో రక్షణ నిశ్చయత: ఒక పరిశీలన

'యాత్రికుని ప్రయాణము' వలన జాన్ బన్యన్ మన సంఘాలకు సుపరిచితుడు. అయితే ఆయన బెడ్‌ఫర్డ్ చెరసాలలో ఉన్న కాలములో, 1666లో వెలువడిన ఆత్మకథను చదివినవారు మనలో తక్కువ. పాపులలో ప్రధానునికి విస్తరించిన కృప అన్నది ఆ పుస్తకపు పేరుకు అర్థము. దీనిని ఎంతో వేదన తరువాత నిశ్చయత పొందినవాని సాక్ష్యముగా మాత్రమే చదివితే చాలదని మా అభిప్రాయము. వాక్యమును ఎలా చదవకూడదో, ఎలా చదవాలో రెండింటినీ ఈ పుస్తకము చూపుతుంది.

మొదట్లో బన్యన్ తనకు విశ్వాసము ఉన్నదో లేదో తేల్చుకోవడానికి దారిలోని నీటి గుంటలను ఎండిపొమ్మని ఆజ్ఞాపించాలనుకుంటాడు. ముందుగా కంచె చాటున ప్రార్థించాలన్న తలంపు వస్తుంది. ప్రార్థించాక కూడా ఎండకపోతే తాను నశించినవాడేనని రుజువైపోతుందన్న భయముతో మానుకుంటాడు. ఆ తరువాత క్రీస్తును అమ్మివేయుమనే శోధన వెంటాడుతుంది. ఒకనాడు దానికి లోనైనట్లు తోచగానే హెబ్రీ 12:17లోని ఏశావు ఆయన గుండెలో తిష్ఠ వేస్తాడు. ఒక పూట కృపను గూర్చిన మాట మనస్సులో పడితే రక్షింపబడినట్లు, మరో పూట ఏశావు వస్తే త్రోసివేయబడినట్లు ఆయనకు అనిపిస్తుంది. సందర్భము నుండి ఊడివచ్చిన వచనము న్యాయపీఠమెక్కి కూర్చుంటుంది. ఈ పద్ధతిని మేము సమర్థింపలేము.

డిసెంబరు 31 రాత్రి వాగ్దాన కార్డులు తీసుకునే మనకు ఇది కొత్తేమీ కాదు. వచ్చిన కార్డును బట్టి సంవత్సరమంతా ధైర్యముగానో దిగులుగానో ఉండే విశ్వాసులను మనము ఎరుగుదుము. (ఆ కార్డులలో ఏశావు వచనము ఎన్నడూ ఉండదనుకోండి.)

అయితే బన్యన్ వెదకి చూసే మనిషి. తనను ఆదరించిన ఒక మాట కోసము ఏడాదికి పైగా బైబిలంతా గాలిస్తాడు. చివరికి అది అపోక్రిఫాలోని సీరాకు గ్రంథములో దొరుకుతుంది. కొంత కలవరపడినా, అనేక వాగ్దానాల సారము అందులో ఉన్నదని గ్రహించి నెమ్మది పొందుతాడు. ఏశావు వచనమును కూడా ఎట్టకేలకు దగ్గరగా వెళ్లి పరిశీలిస్తాడు. ఏశావు కన్నీళ్లతో వెదకినది ఆశీర్వాదమునని, తాను భయపడినట్లు ఆ వచనము తనకు తలుపు మూయడము లేదని తెలుసుకుంటాడు. గ్రీకులో అక్కడి సర్వనామము మారుమనస్సుకైనా ఆశీర్వాదమునకైనా అన్వయింపదగినదని మన విద్యార్థులు గమనించాలి. ఒకనాడు పొలములో నడుస్తుండగా తన నీతి పరలోకములో, దేవుని కుడిపార్శ్వమున ఉన్న క్రీస్తే అని ఆయనకు స్ఫురిస్తుంది. ఇంటికి వచ్చి ఆ మాటను వెదకితే అదే రూపములో దొరకదు. 1 కొరింథీ 1:30 మాత్రము జ్ఞాపకమునకు వస్తుంది. తన హృదయము బాగున్న రోజున ఆ నీతి పెరగదు, చెడిన రోజున తరగదు. పుస్తకములో మేము అన్నిటికన్నా విలువైనదిగా ఎంచేది ఈ భాగమే.

మరొకటి గమనించాలి. వెస్లీకి 1738 మే 24 అని ఒక తేదీ ఉన్నది. బన్యన్ పుస్తకములో అటువంటి తేదీ లేదు. కొన్నేండ్ల క్రితము మా సంఘములో మంచము పట్టిన ఒక వృద్ధురాలిని, కూటములకు వచ్చిన ఒక ప్రసంగికుడు ఏ తేదీన రక్షింపబడ్డారని అడిగాడు. చిన్ననాటి నుండి ప్రభువును నమ్మిన ఆమె జవాబు చెప్పలేకపోయింది. మరునాడు మేము వెళ్లగానే, "అయ్యగారూ, నా పేరు అక్కడ ఉందంటారా?" అని ఏడ్చింది. నిజము చెప్పాలంటే, ఆ ప్రశ్నను ఏళ్ల తరబడి ప్రసంగపీఠము నుండి వేసినవారము మేమే. ఆనాడు ఆమె తేదీని వెదకక, 1 యోహాను 5వ అధ్యాయము తెరచి 11 నుండి 13 వరకు చదివాము. అక్కడ యోహాను అడిగేది కుమారుని అంగీకరించావా అనే గాని ఎప్పుడు అంగీకరించావు అని కాదు. "ఆయనను విడిచి ఎక్కడికి పోతాను అయ్యగారూ" అన్నది ఆమె. ఇంకేమీ అడగలేదు.

బన్యన్ కూడా తన అనుమానాలన్నీ తీరిపోయాయని చెప్పుకోలేదు. పుస్తకము చివర, నేటికీ తన హృదయములో ఏడు హేయమైనవి ఉన్నాయని వరుసగా వ్రాస్తాడు. వాటిలో మొదటిది అవిశ్వాసము వైపు మొగ్గు.