123 పళ్ల బెల్టు

పాత కారు కొనేటప్పుడు బానెట్ ఎత్తి చూసేవాళ్లకు కనపడని భాగాల్లో టైమింగ్ బెల్టు ఒకటి. డిప్‌స్టిక్ లాగి ఆయిల్ రంగు చూస్తారు, బ్యాటరీ మీద తేదీ చదువుతారు, టైరు గాడుల్లో వేలు పెట్టి చూస్తారు. ఈ బెల్టు మాత్రం ఇంజను పక్కన ప్లాస్టిక్ మూత వెనక ఉంటుంది. బేరం దాదాపు కుదిరాక ఎవరో అడుగుతారు: “టైమింగ్ బెల్టు మార్పించారా అండీ?” “దానికేం, ఇంకా చాలా నడుస్తుంది” అంటాడు అమ్మేవాడు. అబద్ధమాడుతున్నాడని అనుకోనక్కర్లేదు. మూత విప్పి బెల్టును వేళ్ల మధ్య పట్టుకుని చూసినా ఆ సంగతి పూర్తిగా తేలదు. తేలకపోవడానికి కారణం దాని తయారీలోనే ఉంది.

మన రోడ్ల మీద బాగా తిరిగే ఒక ఇంజన్ని తీసుకుందాం. ఫ్రెంచి కంపెనీ రెనో 2001లో తెచ్చిన కె9కె, 1461 సీసీ డీజిల్. 2012లో మన దేశానికొచ్చిన డస్టర్‌లో, దాని జంట లాంటి నిస్సాన్ టెరానోలో, నిస్సాన్ సన్నీలో, మహీంద్రా వెరిటోలో ఉన్నది ఇదే. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 నిబంధన వచ్చేసరికి రెనో ఇక్కడ డీజిల్ అమ్మకం ఆపేసింది. కాబట్టి ఇప్పుడు అమ్మకానికొచ్చే డీజిల్ డస్టర్ ఏదైనా సరే, ఎంత తక్కువ తిరిగినా, ఐదేళ్లు దాటిన బండే. ఆ ఐదేళ్ల మాటకు తర్వాత వద్దాం.

ఈ ఇంజనులో నాలుగు పిస్టన్లు. ఒక్కోటి 76 మిల్లీమీటర్ల వెడల్పు సిలిండరులో 80.5 మిల్లీమీటర్లు కిందికీ పైకీ నడుస్తుంది. ఒక్కో సిలిండరు నెత్తిన గాలి రావడానికో వాల్వు, పొగ పోవడానికో వాల్వు. మొత్తం ఎనిమిదింటినీ ఒకే క్యామ్‌షాఫ్టు నొక్కుతుంది. గాలి పీల్చడం, అదమడం, మండడం, పొగ వదలడం అనే నాలుగు పనులు పూర్తయ్యేసరికి పిస్టన్లు తిప్పే క్రాంక్‌షాఫ్టు రెండు చుట్లు తిరుగుతుంది. ఆ రెండు చుట్లలో ఒక్కో వాల్వు ఒక్కసారే తెరుచుకోవాలి. అంటే క్రాంకు రెండు చుట్లకు క్యామ్ ఒక చుట్టు తిరగాలి. అందుకే క్యామ్ చక్రానికి క్రాంకు చక్రం కన్నా సరిగ్గా రెట్టింపు పళ్లు పెట్టారు. ఆ రెంటినీ కలిపి, లెక్క తప్పకుండా తిప్పేది 123 పళ్లు, 27 మిల్లీమీటర్ల వెడల్పు ఉన్న ఒక రబ్బరు పట్టీ.

లెక్క తప్పితే ఏమవుతుందో చూడాలంటే పిస్టను పైకొచ్చిన క్షణంలో లోపలి జాగా కొలవాలి. డీజిల్ ఇంజనులో నిప్పురవ్వ ఉండదు. గాలిని పదిహేను రెట్లకు పైగా అదిమితే పుట్టే వేడికే ఇంధనం అంటుకుంటుంది. అంతగా అదమాలంటే పైన ఖాళీ వదలకూడదు. పిస్టను పూర్తిగా పైకొచ్చినప్పుడు దాని అంచుకూ హెడ్డుకూ మధ్య మిగిలేది సుమారు ఒక మిల్లీమీటరు. వాల్వేమో తెరుచుకున్నప్పుడు ఎనిమిది మిల్లీమీటర్ల దాకా కిందికి దిగుతుంది. అంటే ఒకే చోటును పిస్టనూ వాల్వూ వంతులవారీగా వాడుకుంటున్నాయి. ఒకటి తప్పుకున్నాకే రెండోది వస్తుంది. క్రాంకు నిమిషానికి 2000 చుట్లు తిరుగుతుంటే ఈ వంతుల మార్పిడి ఒక్కో సిలిండరులో సెకనుకు పదహారు పదిహేడుసార్లు జరుగుతుంది. బెల్టు తెగితే క్యామ్ ఆగిపోతుంది, చక్రాల ఊపుతో క్రాంకు మాత్రం తిరుగుతూనే ఉంటుంది. తెరుచుకుని ఆగిపోయిన వాల్వుల మీదికి పిస్టన్లు వచ్చి కొడతాయి. షెడ్డులో “వాల్వులు వంగాయి, హెడ్డు దించాలి” అనే మాట వినపడేది అప్పుడే. కొన్ని పాత పెట్రోలు ఇంజన్లలో పిస్టనుకూ వాల్వుకూ మధ్య కావలసినంత ఎడం ఉండేది. అక్కడ బెల్టు తెగితే బండి ఆగిపోతుంది, అంతే. కొత్త బెల్టు వేసుకుని ఇంటికి పోవచ్చు. డీజిల్‌లో ఆ వెసులుబాటు లేదు.

ఇంత బాధ్యత రబ్బరుకు అప్పగించిన ధైర్యం ఎవరిదో చెప్పుకోవాలి. పళ్ల బెల్టు పుట్టింది మోటారు కోసం కాదు. 1940లలో అమెరికాలో రిచర్డ్ కేస్ అనే ఇంజనీరు కుట్టుమిషను కోసం దీన్ని తయారుచేశాడు. సూది కదలికా కింది బాబిను కదలికా ఒకే లెక్కలో ఉండాలి, మధ్యలో జారకూడదు. ఆ అవసరమే దీనికి పళ్లు పెట్టించింది. పెద్ద సంఖ్యలో తయారైన కారులో దీన్ని మొదట వాడింది జర్మనీలోని బవేరియాకు చెందిన గ్లాస్ అనే చిన్న కంపెనీ, 1962లో, 1004 అనే మోడల్‌లో. గొలుసు కన్నా బెల్టు చప్పుడు తక్కువ, బరువు తక్కువ, నూనె అక్కర్లేదు. తర్వాతి దశాబ్దాల్లో చాలా కంపెనీలు అదే దారి పట్టాయి.

బెల్టును అడ్డంగా కోసి చూస్తే మూడు పదార్థాలు కనిపిస్తాయి. వీపూ పళ్లూ రబ్బరు. మొదట్లో నియోప్రీన్ వాడేవారు. వేడికి అది పెళుసెక్కి బీటలు వారేది. ఇప్పుడు వాడేది నైట్రైల్ రబ్బరుకు హైడ్రోజన్ ఎక్కించి చేసినది. గాలిలోని ఆక్సిజన్, ఓజోన్ వచ్చి పట్టుకునే బలహీనమైన బంధాలను హైడ్రోజన్ ముందే పూరించేస్తుంది కనుక ఇది త్వరగా పగలదు. పళ్ల ముఖం మీద నైలాన్ బట్ట అతికి ఉంటుంది. ఇనుప చక్రంతో రాపిడి పడేది రబ్బరు కాదు, ఆ బట్టే. ఇక అసలు బలం ఈ రెంటి మధ్యలో, పళ్ల మొదళ్లకు కాస్త పైన ఉంది. సన్నటి గాజుపోగులను పేని చేసిన దారాలు బెల్టు పొడవునా పక్కపక్కనే చుట్టుకుని ఉంటాయి.

గాజే ఎందుకు? అది సాగదు. బెల్టు కాస్త సాగినా పళ్ల ఎడం మారుతుంది, క్యామ్ వెనకబడుతుంది. లాగితే సాగని, వంచితే వంగే పదార్థం కావాలి. గాజును వెంట్రుక కన్నా సన్నగా లాగితే ఆ రెండు గుణాలూ వస్తాయి. కానీ పోగూ పోగూ రాసుకుంటే గాజు గాజునే కోసుకుంటుంది. అందుకని ప్రతి పోగుల కట్టకూ లేటెక్స్ కలిసిన జిగురు పట్టిస్తారు. అది పోగులను విడివిడిగా ఉంచుతుంది, రబ్బరుకు అతికిస్తుంది, తేమను అడ్డుకుంటుంది. నాకు ఇందులో బాగా నచ్చిన సంగతి ఇంకొకటుంది. పేనిన తాడును గట్టిగా లాగితే అది పురి విప్పుకునే దిక్కుకు తిరగాలని చూస్తుంది కదా. బెల్టులోని దారాలన్నీ ఒకే దిక్కుకు పేనితే అది చక్రం మీద ఒక పక్కకు జరుగుతూ పోయి అంచు కోసుకుంటుంది. అందుకే కుడి పురి దారం పక్కన ఎడమ పురి దారం, దాని పక్కన మళ్లీ కుడి పురి, ఇలా మార్చి మార్చి వేస్తారు. రెండు పురుల లాగుడూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని బెల్టు మధ్యలో నిలుస్తుంది. పైకి చూస్తే నల్లటి పట్టీ, అంతే.

కె9కెలో ఈ పట్టీ క్యామ్‌తో పాటు డీజిల్ హైప్రెషర్ పంపునూ వాటర్ పంపునూ తిప్పుతుంది. క్రాంకు లాగే వైపు బెల్టు బిగుతుగా ఉంటుంది, లాగడం అయిపోయిన రెండో వైపు వదులవుతుంది. బెల్టును బిగించి పట్టే టెన్షనర్ ఎప్పుడూ ఆ వదులు వైపే ఉంటుంది. బిగుతు వైపు పెడితే స్ప్రింగు ఇంజను బలంతో కుస్తీ పట్టాలి. వదులు వైపు పెడితే మిగిలిన కుంగును మెల్లగా నొక్కి పట్టుకుంటే చాలు. ఇంజను వేడెక్కాక లోహం వ్యాకోచించి షాఫ్టుల మధ్య దూరం పెరుగుతుంది. ఆ తేడాను సర్దేది కూడా అదే. ఇక క్యామ్ నుంచి బెల్టు మీద పడే బరువు సాఫీగా ఉండదు. వాల్వును తెరిచేటప్పుడు స్ప్రింగు ఎదురుతన్నుతుంది, క్యామ్ శిఖరం దాటగానే అదే స్ప్రింగు క్యామ్‌ను ముందుకు తోస్తుంది. అందువల్ల బెల్టు పళ్లకు ఒక క్షణం ఒక పక్క, మరుక్షణం రెండో పక్క దెబ్బ.

ఇప్పుడు ఆ దెబ్బల లెక్క. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో క్రాంకు నిమిషానికి 2000 చుట్లు తిరుగుతుందనుకుంటే కిలోమీటరుకు 1500 చుట్లు, లక్ష కిలోమీటర్లకు 15 కోట్లు. అది హైవే లెక్క. బండి సిగ్నల్ దగ్గర నిలబడి ఇంజను 800 మీద తిరుగుతుంటే గంటకు 48,000 చుట్లు, అంటే హైవే మీద 32 కిలోమీటర్లకు సమానం. అమీర్‌పేట, హైటెక్ సిటీ మధ్య రోజూ ట్రాఫిక్‌లో గంట చొప్పున ఆగే బండి ఏడాదికి 300 రోజుల్లో 9,600 కిలోమీటర్ల పని మీటరుకెక్కకుండా చేసేస్తుంది. ఆగి ఉన్నప్పుడు బరువు తక్కువే, నిజమే. కానీ గాజు దారాన్ని అలసిపోయేలా చేసేది బరువు ఒక్కటే కాదు, ప్రతి చక్రం చుట్టూ వంగి మళ్లీ చాపుకోవడం కూడా. ఆ వంపుల లెక్కకు సెలవు లేదు. పైగా రబ్బరుకు వేడితో, కాలంతో వయసొస్తుంది. అందుకే తయారీదారులు కిలోమీటర్లూ ఏళ్లూ రెండూ చెప్పి, ఏది ముందొస్తే అది అంటారు. చాలా ఇంజన్లకు ఆ ఏళ్ల లెక్క ఐదారు దగ్గర ఉంటుంది. మన బండికి ఎంతో యజమాని పుస్తకంలో చూసుకోవాలి.

నియోప్రీన్ కాలంలో బెల్టు తన వయసు తనే చెప్పేది. వీపు మీద బీటలు కనపడగానే మార్చేవారు. ఇప్పటి రబ్బరు ఆ ముసలితనాన్ని చూపించదు. లోపల దారాలు ఒక్కొక్కటే తెగుతున్నా వీపు నున్నగా ఉంటుంది. పదార్థం మెరుగై, కంటి పరీక్షకు పనికిరాకుండా పోయింది. కాబట్టి చూసి ‘బాగుంది’ అనడానికి లేదు. ‘బాగాలేదు’ అని మాత్రం చెప్పొచ్చు. అంచు పీచు లేచినా, పంటి మొదట్లో గీత కనపడినా, క్రాంకు సీలు కారి నూనె తగిలి రబ్బరు ఉబ్బినా ఇంకేం ఆలోచించకూడదు.

చాలాసార్లు బెల్టు దానంతటది పోదు, పక్కవాటి వల్ల పోతుంది. వాటర్ పంపు బేరింగు పట్టేసినా, టెన్షనర్ బేరింగులో గ్రీజు ఎండి బిగుసుకున్నా, బాగున్న బెల్టు కూడా నిమిషాల్లో చిరిగిపోతుంది. పంపు కింద కూలెంట్ ఎండిన మరక కనపడితే సీలు కారుతోందన్న మాటే. బెల్టు మార్చేటప్పుడు టెన్షనర్, వాటర్ పంపు కలిపి మార్చమనేది ఇందుకే. విప్పే కూలీ తక్కువేం కాదు, విప్పేది ఎలాగూ ఒకసారే.

ఆ విప్పడం చూడదగ్గ పని. డస్టర్‌లో బెల్టు డ్రైవరు వైపు ఉంటుంది. ఆ వైపు ముందు చక్రం తీసి, ఇంజను కింద జాకీ ఆనించి, ఆ వైపు మౌంటు విప్పితేగాని మూత దగ్గరకు చెయ్యి పోదు. బ్లాకు పక్కనున్న ప్లగ్గు తీసి ఆ రంధ్రంలో ఒక పిన్ను బిగించి క్రాంకును మెల్లగా తిప్పితే, దాని భుజం వచ్చి పిన్నుకు ఆనుతుంది. అదే పిస్టను పూర్తిగా పైకొచ్చిన చోటు. క్యామ్ చక్రంలో ఒక రంధ్రం, దాని వెనక హెడ్డులో ఒక రంధ్రం ఉంటాయి. రెండూ ఎదురెదురైతే రెండో పిన్ను నున్నగా దిగుతుంది. పిన్నులు చోటు చూపడానికే గాని బలం మోయడానికి కాదు. క్రాంకు పిన్నును ఆసరా చేసుకుని పుల్లీ బోల్టు విప్పబోయే మెకానిక్కుకు బండి ఇవ్వకపోవడమే మంచిది. పిన్నుల్లేకుండా పాత బెల్టు మీదా చక్రాల మీదా వైట్‌నర్‌తో గుర్తులు పెట్టి, పళ్లు లెక్కపెట్టి కొత్తది ఎక్కించేవాళ్లూ ఉన్నారు. చెయ్యి తిరిగినవాళ్లే. కాకపోతే పాతది ఒక పన్ను తప్పుగా ఉంటే ఆ తప్పు కూడా జాగ్రత్తగా కాపీ అవుతుంది.

కొత్త బెల్టును మడవకూడదు, మెలితిప్పకూడదు, చక్రం మీదికి స్క్రూడ్రైవరుతో తోయకూడదు. లోపల గాజు ఉంది. బిగుతు వైపు కుంగు లేకుండా ముందు ఎక్కించి, మిగిలిన వదులంతా టెన్షనర్ దగ్గరికి తెస్తారు. అలెన్ కీతో టెన్షనర్ తిప్పి దాని సూచిని గుర్తు దగ్గర నిలిపి నట్టు బిగిస్తారు. తర్వాత పిన్నులు తీసేసి క్రాంకును చేత్తో, తిరిగే దిక్కులోనే, రెండు చుట్లు తిప్పుతారు. వెనక్కి తిప్పితే వదులు చోటు మారి లెక్క చెడుతుంది. రెండు చుట్ల తర్వాత పిన్నులు మళ్లీ తమ రంధ్రాల్లో దిగాలి. బెల్టు మీద కంపెనీ గీసిన గీతలు మాత్రం అప్పుడు చక్రాల గుర్తులకు ఎదురుగా రావు. 123 అంటే మూడు నలభై ఒకట్లు. రెండు చుట్లలో క్రాంకు తోసే పళ్లు 123 కావు కాబట్టి బెల్టు తన మొదటి చోటుకు రాదు, ఎన్నో చుట్ల తర్వాతే వస్తుంది. అలా ఉండటమే మేలు, ఒకే పన్ను ఎప్పుడూ ఒకే దెబ్బ తినదు.

ఇక కొనేవారి ప్రశ్న. బిల్లు లేకపోతే మార్చాల్సిందే. మీటరు రీడింగును నమ్మి ఆగడం నా దృష్టిలో జూదం, ఎందుకంటే బెల్టు తిరిగిన చుట్లు మీటరులో లేవు, మీటరేమో వెనక్కి తిప్పడానికి వీలైనది. రెండేళ్ల కిందటి బిల్లు ఉండి, అందులో బెల్టు, టెన్షనర్, పంపు మూడూ రాసి, రీడింగు కూడా పొసిగితే కదపనవసరం లేదు. బాగున్నదాన్ని విప్పడం కూడా ఒక ప్రమాదమే. చిక్కు వచ్చేది బిల్లులో బెల్టు ఒక్కటే ఉన్నప్పుడు. అప్పుడు మూత పైభాగం తీయించి, పంపు దగ్గర మరక కోసం చూసి, చల్లటి ఇంజను స్టార్టు చేయించి ఆ వైపు చెవి పెట్టి గరగర కోసం వినాలి. ఏదీ లేకపోయినా నేనైతే కిట్టు ఖర్చు, కూలీ ఒక కాగితం మీద వేసి, ఆ మొత్తాన్ని అమ్మేవాడి ముందు బేరంలో పెడతాను.